ఆవిడ కూలి లెక్క రాయి

తిరుపతి

నాయనా,

నీ కథ చదివాను. లేని దేశాన్నొకటి ఊహించి, దానికో కార్మిక చట్టం తెచ్చి, ఏడాది తిరక్కుండా రద్దు చేయించావు. ఆలోచన గట్టిది. అయినా చట్టం పోయినప్పుడు నాకు బాధ కలగలేదు. సగం కథ మంత్రి ఉపన్యాసాలకే సరిపోయింది.

ఊహాదేశం కాబట్టి ఏం రాసినా చెల్లుతుందనుకోకు. 1848 మార్చిలో ఫ్రాన్స్ విప్లవ ప్రభుత్వం పనిదినాన్ని పారిస్‌లో 10 గంటలకు, మిగతా చోట్ల 11కు తగ్గించింది. జూన్‌లో పారిస్ కార్మికులు తిరగబడితే సైన్యం అణిచేసింది. సెప్టెంబరులో కొత్త చట్టం వచ్చి 12 గంటలంది. చట్టం ఎందుకు పోయిందో ఆ జూన్ నెలే చెబుతుంది. నీ కథలో అలాంటి జూన్ ఏదీ?

నీది చిత్తూరే కదా. తోతాపురి మామిడి దిగే రోజుల్లో ఏదైనా గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఓ సాయంత్రం నిలబడు. సొన తగిలి చేతులు పొక్కిన ఆడవాళ్లు షిఫ్టు దిగి వస్తుంటారు. వాళ్లతో మాట్లాడు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం ఓవర్‌టైముకు రెట్టింపు కూలి అంది. కానీ కరెంటుతో పని జరిగే చోట కనీసం 10 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ లెక్కలోకి వచ్చేది. యజమాని హాజరు మస్టరులో తొమ్మిది పేర్లే రాసుకుంటే? నీ దేశంలో కూడా చట్టానికి మొదటి దెబ్బ అక్కడే తగలాలి. రద్దు ఉత్తర్వు ఆఖర్న వస్తే చాలు.

నీ కథలో ఒకావిడ ఉంది చూడు, కూలి బట్వాడా రోజు ఓవర్‌టైం డబ్బులు చూసి, మేస్త్రీ పొరపాటున ఎక్కువిచ్చాడేమోనని భయపడి వెనక్కెళ్లి అడుగుతుంది. ఎంత బాగా రాశావయ్యా! నాలుగు వాక్యాల్లో ఆవిణ్ణి వదిలేశావు. నాలుగు పేజీలు రాయి. ఆ డబ్బుతో ఏం కొంది, ఎవరి బాకీ తీర్చింది, ఇంట్లో మాట ఎలా మారింది? చట్టం పోయాక వచ్చిన మొదటి బట్వాడాలో ఆవిడ చేతికి ఎంత వచ్చింది? అప్పుడు ఏమైనా అడిగిందా, అడక్కుండా ఇంటికెళ్లిందా?

ఉపన్యాసాలు తీసేసి మళ్లీ రాసి పంపు. నాణేలకు ఏ పేరైనా పెట్టుకో, ఆవిడ కూలి లెక్క మాత్రం పైసాతో సహా సరిపోవాలి. నేను కూడి చూస్తాను.