ఆర్గానిక్ షాపులో డబ్బు పెట్టే ముందు

తమ్ముడూ, కొత్త దేశంలో కాపురం పెట్టిన మూడో నెలకే నీకు ఈ అనుమానం వచ్చినందుకు సంతోషం. నాకు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో పోసిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

పాప కోసం ఆర్గానిక్ తిండే కొనాలనుకుంటున్నాం, ఏ షాపును నమ్మాలి అని అడిగావు. ముందు నా సంగతి విను. మీలాంటి కొత్తవాళ్ళు చేయబోయే తప్పులన్నీ నేను ఇదివరకే చేశాను.

మేం వచ్చిన కొత్తలో ఇంటి దగ్గరే ఒక చిన్న షాపు ఉండేది. ఆకుపచ్చ బోర్డు, చెక్క పెట్టెలు, చేత్తో రాసిన పేర్లు. అమ్మేవాడు మర్యాదస్తుడు. ఏ పంట ఏ రైతు దగ్గర్నుంచి వచ్చిందో కూర్చోబెట్టి చెప్పేవాడు. పరాయి దేశంలో, భాష ఇంకా నోటికి ఎక్కని రోజుల్లో, ఒక మనిషి ఆగి మాట్లాడితే మనం కరిగిపోతాం. నేనూ కరిగిపోయాను. పాలు, పండ్లు, పిండి, గింజలు, అన్నీ అక్కడే. సామాను ఖర్చు దాదాపు రెట్టింపైంది. మా ఆయన ఒకటికి రెండుసార్లు అడిగితే, పిల్ల ఆరోగ్యం ముందు డబ్బెంత అని నోరు మూయించాను. అమ్మావాళ్ళకు పంపేదాంట్లో కోత పెట్టి మరీ కొన్నాను. పిల్ల ఆరోగ్యం ముందు డబ్బెంత అని ఇప్పుడు ఎవరన్నా నేను ఒప్పుకోను. పిల్ల చదువుకు దాచాల్సిందీ ఆ డబ్బులోంచే కదా.

ఒకరోజు పిండి అయిపోయింది. డబ్బా పనికొస్తుందని వేడినీళ్ళలో నానబెట్టాను. స్టిక్కర్ అంచు కాస్త లేచింది. గోటితో లాగితే దాని కింద ఇంకో స్టిక్కర్! పైదాని మీద ఆకు బొమ్మ, ‘సహజమైనది, పొలం నుంచి నేరుగా’ అన్న మాటలు. కిందిది మామూలు టోకు కంపెనీది. దానిమీద ఆర్గానిక్ అన్న మాటే లేదు. సింకు దగ్గర తడి చేతులతో అలాగే నిలబడిపోయాను.

మర్నాడు డబ్బా పట్టుకుని వెళ్ళాను. షాపాయన గోడమీద ఫ్రేము కట్టిన ఆర్గానిక్ సర్టిఫికెట్ చూపించాడు. ఎనిమిది నెలలుగా దాని కిందే నిలబడి డబ్బు కట్టినదాన్ని, ఆ రోజే మొదటిసారి చదివాను. పేరు షాపుది కాదు, ఎక్కడిదో ఒక పొలానిది. జాబితాలో కూరగాయలు మాత్రమే ఉన్నాయి, పిండీ గింజలూ లేవు. గడువు తీరి రెండేళ్ళయింది. నా డబ్బు నాకు తిరిగి రాలేదు.

అందుకే చెబుతున్నాను, సర్టిఫికెట్ కనిపిస్తే దగ్గరకెళ్ళి చదువు. ఎవరి పేరు మీద ఉంది, ఏ సరుకులకు ఇచ్చారు, ఏ తేదీ దాకా చెల్లుతుంది. ఈ మూడూ చదవడానికి నిమిషం చాలు. ఇంకో సంగతి. చాలా దేశాల్లో, సీలు వేసిన ప్యాకెట్లను ఉన్నదున్నట్టు అమ్మే షాపుకు సొంత సర్టిఫికెట్ అక్కర్లేదు. కాబట్టి షాపుకు లేదని కంగారు పడకు. పండించినవాళ్ళకూ ప్యాకెట్ కట్టినవాళ్ళకూ ఉండాలి. షాపులో మోసానికి ఎక్కువ వీలుండేది సరుకు విడిగా అమ్మేచోట, షాపువాళ్ళే మళ్ళీ ప్యాక్ చేసేచోట. లూజు సరుకు కొనేటప్పుడు, ఇది వచ్చిన పెట్టె చూపిస్తారా అని మర్యాదగా అడుగు. ఇప్పుడు నేను కొనే షాపులో అమ్మాయి మొదటిసారి అడగ్గానే లోపలికెళ్ళి అట్టపెట్టె తెచ్చి చూపించింది. దానిమీద సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు, సరుకు ఏ విడతదో చెప్పే లాట్ నంబరు ఉన్నాయి. ఆ ఒక్క పనితో నాకు ఆ షాపు మీద గురి కుదిరింది. అడిగితే ముఖం మాడ్చుకునేచోట ఇంకోసారి కొనకు.

రూల్స్ సంగతి క్లుప్తంగా చెబుతాను, మిగతాది ప్రభుత్వ సైట్లలో నువ్వే చూసుకోగలవు. అమెరికాలో యూఎస్‌డీఏ, అంటే అక్కడి వ్యవసాయ శాఖ, ఆర్గానిక్ ముద్ర ఉండాలంటే నీరు, ఉప్పు మినహా కనీసం 95 శాతం ఆర్గానిక్ పదార్థాలు ఉండాలి. ‘ఆర్గానిక్ పదార్థాలతో చేసింది’ అని రాస్తే 70 శాతం చాలు, కానీ ఆ ముద్ర వేయకూడదు. ప్యాకెట్ మీద కంపెనీ పేరు కింద సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు ఉండాలి. కంపెనీకి నిజంగా సర్టిఫికెట్ ఉందో లేదో ఆ శాఖవాళ్ళ ‘ఆర్గానిక్ ఇంటెగ్రిటీ డేటాబేస్’ సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2010 నుంచి వాడుతున్న నక్షత్రాల ఆకు ముద్ర దగ్గరే, దేశాన్ని సూచించే రెండక్షరాలతో మొదలయ్యే కోడ్ కనిపించాలి. ఆకు ఉండి కోడ్ లేకపోతే ప్యాకెట్ కింద పెట్టేయ్. ‘నేచురల్’, ‘ఫార్మ్ ఫ్రెష్’ అన్న మాటలు ఆర్గానిక్ అని హామీ ఇవ్వవు. పండు మీద 9తో మొదలయ్యే ఐదంకెల నంబరు ఆర్గానిక్‌కి గుర్తే గానీ, అది ప్రభుత్వం వేసే ముద్ర కాదు. అదొక్కటే చూసి ఎక్కువ డబ్బు పెట్టకు.

ఆ షాపు మానేశాక ఇంకో తప్పు చేశాను. ముద్ర ఉంటే చాలు, కళ్ళు మూసుకుని కొనేదాన్ని. బిస్కెట్లు, చక్కెర, జ్యూసు కూడా. ఆర్నెల్లకు క్రెడిట్ కార్డు బిల్లు చూసి నిద్ర పట్టలేదు. ఆర్గానిక్ చక్కెర కూడా చక్కెరే అని అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. ఆ రాత్రే నోటుపుస్తకం తీసి, పిల్ల రోజూ తినేవి ఏవి, ఎప్పుడో ఒకసారి తినేవి ఏవి అని రెండు వరసలు రాశాను. మొదటి వరసకే ఆర్గానిక్ డబ్బు. ఆ పుస్తకం ఇప్పటికీ నడుస్తోంది. అప్పు తీరింది, అమ్మావాళ్ళకు పంపేది కూడా మునుపటికంటే పెరిగింది. ఎవరి సాయమూ లేకుండా చేసుకున్నాం.

ఇంకొకటి మీ తరంవాళ్ళు బొత్తిగా పట్టించుకోరు. పెద్ద సూపర్‌మార్కెట్లు సొంత పేరుతో అమ్మే ఆర్గానిక్ సరుకు చాలాసార్లు చవగ్గా దొరుకుతుంది. దానికీ అదే చట్టం, అదే ముద్ర. చెక్క పెట్టెలు లేవని చిన్నచూపు చూడకు. మా ఇంట్లో సగం సామాను అక్కడిదే.

బిల్లు కూడా దాచుకో. నువ్వు ఆర్గానిక్ ధర కట్టిన సరుకు బిల్లులో ఆర్గానిక్ అని పడిందో లేదో చూడు. పడకపోతే అక్కడే, కౌంటర్ వదలకముందే అడుగు. మోసం అని తేలితే ఫిర్యాదు చేయడానికి ఆ కాగితం కావాలి. నా దగ్గర ఒక్క బిల్లు కూడా లేకపోయింది.

ఈ శనివారం వెళ్ళినప్పుడు పాపకు రోజూ పెట్టే సరుకు ఒక్కటి తీసుకుని, ప్యాకెట్ వెనక్కి తిప్పు. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు దొరక్కపోతే ఫొటో తీసి నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.