ఈఎంఐలు మీరు కడతారు, ఆర్‌సీ ఆయన పేరునే ఉంటుంది: మరి కారు ఎవరిది?

ప్రశ్న: మాది ఆరుగురు ఉన్న కుటుంబం. అమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది, ఆటో ఎక్కలేకపోతోంది. పిల్లలు చిన్నవాళ్లు. అందరం పట్టే, డిక్కీ పెద్దగా ఉండే ఏడు సీట్ల కారు కోసం వెతుకుతుంటే, మా ఆఫీసులో ఒకరి బంధువు 14 నెలల కిందట కొన్న బండి అమ్ముతున్నాడని తెలిసింది. తిరిగింది 11 వేల కిలోమీటర్లే. ఆయన ఉద్యోగం మీద విదేశానికి వెళ్తున్నాడు. బండి మీద బ్యాంకు లోన్ ఉంది. ‘‘లోన్ ఇప్పుడు మూసేస్తే ఫోర్‌క్లోజర్ చార్జీలు దండగ. ఆర్‌సీ నా పేరునే ఉండనీయండి, ఈఎంఐలు మీరు కట్టుకోండి. ఓనరు పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇస్తాను, నోటరీ అగ్రిమెంట్ రాసుకుందాం. లోన్ తీరాక మార్చుకుందురు గానీ’’ అంటున్నాడు. మంచి మనిషి. నమ్మకం కొద్దీ యూపీఐలో అడ్వాన్స్ పంపాను, రసీదు తీసుకోలేదు. నాలుగు వారాలైంది. వేరే పార్టీ ఎక్కువ ఇస్తానంటోందని ఇప్పుడు తొందరపెడుతున్నాడు. ఆర్‌సీ, పాత కొత్త పాలసీలు, వాట్సాప్ చాట్ ఫొటోలు జతచేశాను. కొనమంటారా, వద్దంటారా?

జవాబు: అమ్మగారి మోకాళ్ల సంగతీ, ఆయన మంచితనమూ రెండూ నిజమే కావచ్చు. వాటితో ఈ వ్యవహారం తేలదు. తేలేది మీరు పంపిన ఆర్‌సీ ఫొటోలో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న బ్యాంకు పేరుతో. అదే హైపోథికేషన్, అంటే అప్పుకు బండిని తాకట్టుగా చూపే ఎంట్రీ; ఆర్‌టీఏ ఆఫీసు దగ్గర అందరూ అనే హెచ్‌పీ. మోటారు వాహనాల చట్టం, 1988లోని 51వ సెక్షన్ ప్రకారం ఆ ఎంట్రీ ఉన్నంతకాలం అప్పిచ్చినవాడి రాతపూర్వక సమ్మతి లేకుండా బండి ఇంకొకరి పేరుకు మారదు. అంటే అమ్మేవాడు ఇస్తానంటున్న సంతకాలు బ్యాంకు ‘సరే’ అనేదాకా ఉత్త కాగితాలు. ఆ ‘సరే’ ఎప్పుడొస్తుంది, అసలు వస్తుందా అన్నది మీ చేతిలో లేదు, ఆయన చేతిలో కూడా లేదు. ఆయన ఇంకో లోన్ ఎగ్గొడితే, కారు లోన్ పూర్తిగా తీరినా ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) ఆపేసే బ్యాంకులున్నాయి.

ఇక అసలు ప్రశ్న. ఆర్‌సీలో పేరున్నవాడే ఓనరని అదే చట్టం 2(30) సెక్షన్ చెబుతోంది. హైపోథికేషన్ బండి అయితే ఆ ఒప్పందం కింద బండి దగ్గరుంచుకున్నవాడు ఓనరు. ఆ ఒప్పందం బ్యాంకుకూ ఆయనకూ మధ్య ఉంది, మీరు అందులో లేరు. ఐదేళ్లు ఈఎంఐలు కట్టినా చట్టం దృష్టిలో మీరు ఇంకొకరి బాకీ తీర్చిన దయగల మనిషి, అంతే. అమ్మేవాడికీ ఇది క్షేమం కాదు. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజున ఆర్‌సీలో ఎవరి పేరుంటే నష్టపరిహారం బాధ్యత వారిదేనని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ ముక్క ఆయనకు చెప్పండి. లోన్ మూయడానికి ఆయనే ముందుకు రావచ్చు.

ఇన్సూరెన్స్ సంగతి చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. బండి అమ్మినప్పుడు పాలసీ దానంతటదే కొన్నవాడికి వస్తుందని మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ చూపిస్తారు. అది థర్డ్ పార్టీ వరకే, అంటే ఆ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టం వరకే. సొంత డ్యామేజీకి, దొంగతనానికి ఆ సౌకర్యం లేదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. బదిలీ జరిగిన 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీ మీ పేరుకు మార్పించుకోవాలి. ఆర్‌సీయే మారకపోతే పాలసీ ఎలా మారుతుంది? రేపు మీ వాకిట్లోంచి బండి పోయిందనుకోండి. ఫిర్యాదు ఇచ్చేది మీరు, క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టాల్సింది విదేశంలో ఉన్న ఆయన, చెక్కు వెళ్లేది ముందు బ్యాంకు బాకీకి, మిగిలితే ఆయన ఖాతాకు.

తేదీ వేయని ఫారం 29, 30 సంతకాలు పెట్టించుకొని బీరువాలో దాచుకునే పద్ధతి ఒకటుంది. దయచేసి ఆ పని చేయకండి. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్‌టీఏకు తెలపాలని 50వ సెక్షన్. మూడేళ్ల తర్వాత ఆ ఫారంలో ‘నిన్ననే కొన్నాను’ అన్నట్టు తేదీ వేస్తే అబద్ధపు డిక్లరేషన్ ఇచ్చేది మీరు. ఈలోగా ఆయన చనిపోతే ఆ సంతకాలకు విలువుండదు. వారసులు బండి తమ పేరుకు మార్చమని ఫారం 31 పెట్టుకోవాలి, వాళ్లు మిమ్మల్ని గుర్తుపట్టాలన్న నియమం లేదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటానంటారేమో, అదీ సాధారణంగా ఇచ్చినవాడి మరణంతోనే పోతుంది. నోటరీ ముద్ర వేసినంత మాత్రాన 51వ సెక్షన్ పక్కకు తప్పుకోదు.

ఇప్పుడు మీరు గమనించకుండానే నాకు పంపిన ఒక సాక్ష్యం గురించి. రెన్యువల్ పాలసీలో ‘నో క్లెయిమ్ బోనస్’ ఎదురుగా సున్నా శాతం అని ఉంది. కొత్త బండికి మొదటి ఏడాది ఏ క్లెయిమూ లేకపోతే రెన్యువల్‌లో 20 శాతం రావాలి. సున్నా ఉందంటే తొలి ఏడాదిలోనే క్లెయిమ్ జరిగి ఉండొచ్చు, లేదా పాలసీ మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు. మీ రెండు పాలసీల తేదీలు కలిపి చూశాను, మధ్యలో ఒక్క రోజు ఖాళీ లేదు. ఆ బోనస్‌ను ఆయన వేరే బండికి మార్చుకొని ఉండే అవకాశమూ ఉంది కాబట్టి యాక్సిడెంట్ బండి అని నేను అనను. కానీ ఈ కాగితం నాలుగు వారాలుగా మీ ఫోన్లో ఉంది, మీరు చదవలేదు. దీని మీద కాస్త కోపగించుకునే హక్కు నాకుంది.

ఎందుకంటే కాంట్రాక్టు చట్టం, 1872లోని 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అవతలివాడు తెలియక తప్పు చెప్పినా, చెప్పాల్సింది చెప్పకుండా మోసపూరితంగా మౌనం వహించినా, మామూలు శ్రద్ధతో చూస్తే నిజం తెలిసే అవకాశం మీకుంటే ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరు. తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవాడికి మాత్రం ఆ రక్షణ లేదు. అందుకని ఆయన చేత మాట చెప్పించాలి. మీ చాట్‌లో మీరు అడిగింది ‘‘బండి ఎలా ఉంది సార్’’ అని. ఆయన జవాబు ‘‘సూపర్ కండిషన్ అండీ’’. దీని మీద ఏ కోర్టులోనూ ఏమీ నిలబడదు. అది వర్ణన, వాస్తవం కాదు. ఇలా అడగండి: ‘‘ఈ బండి మీద ఇప్పటిదాకా ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏదైనా అయిందా? అయితే ఏ తేదీన, దేనికి?’’ అవునో కాదో వచ్చేదాకా వదలకండి. ఆ చాట్‌లో మెసేజులు మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఇవాళే తీసేయండి, ఫోన్ మార్చకండి. వాట్సాప్ ప్రింటవుట్ సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, దానికి అసలు ఫోన్ అవసరమవుతుంది.

అడ్వాన్స్ మాటకొద్దాం. కోపంలో ‘‘నాకీ బండి వద్దు, డబ్బు పంపేయండి’’ అని మెసేజ్ మాత్రం పెట్టకండి. బేరం విరిచింది మీరే అని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుంది. అది బయానా (బేరం ఖాయానికి ఇచ్చిన సొమ్ము) అనీ, కొనేవాడు తప్పుకున్నాడు కాబట్టి ఇవ్వననీ ఆయన అంటాడు. రసీదు లేదు గనక అది దేనికి ఇచ్చిన డబ్బో చెప్పే కాగితం మీ దగ్గర లేదు. యూపీఐ స్క్రీన్‌షాట్ డబ్బు వెళ్లిందని చెబుతుంది, ఎందుకు వెళ్లిందో చెప్పదు. ముందు బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ సర్టిఫై చేయించి తెచ్చుకోండి. తర్వాత స్పీడ్ పోస్టులో, వాట్సాప్‌లోనూ ఒక ఉత్తరం పంపండి: ఫలానా తేదీన ఫలానా నంబరు కారు కొనుగోలుకు ఇంత అడ్వాన్స్ ఇచ్చాను, కొనడానికి సిద్ధంగా ఉన్నాను, 15 రోజుల్లో లోన్ మూయడానికి ఎంత కట్టాలో చెప్పే బ్యాంకు ఫోర్‌క్లోజర్ లెటరు, సర్వీసు రికార్డు, క్లెయిమ్ వివరాలు ఇవ్వండి, ఇవ్వలేకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వండి. ఆయన జవాబిచ్చినా, ఇవ్వకపోయినా మీకు సాక్ష్యమే. డబ్బు రాబట్టే దావాకు మూడేళ్ల గడువుంది. ‘రేపిస్తా, ఎల్లుండిస్తా’ అన్న నోటిమాటలతో ఆ గడువు పెరగదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని చివర్లో రాశారు. ఆయన వ్యాపారి కాదు, తన సొంత బండి అమ్ముకుంటున్న మనిషి. అక్కడ మీ ఫిర్యాదు నిలవడం కష్టం, సివిల్ కోర్టే దారి. డీలరు దగ్గర కొని ఉంటే లెక్క వేరు: రెండేళ్లలోపు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. పాత బండ్ల డీలర్లకు ఆర్‌టీఏ ఆథరైజేషన్ ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు ఆ సర్టిఫికెట్ అడగండి.

కొనాలనే ఉంటే దారి ఇదీ. ఫోర్‌క్లోజర్ లెటర్‌లో ఉన్న మొత్తాన్ని ఆయన చేతికి కాకుండా నేరుగా ఆ లోన్ ఖాతాకు కట్టండి, మీ ఇద్దరి సంతకాలతో ఒప్పందం రాసుకొని. బ్యాంకు నుంచి ఎన్‌వోసీ, హెచ్‌పీ రద్దుకు పెట్టే ఫారం 35 వచ్చి హెచ్‌పీ తీసేశాక, ఆయన విమానం ఎక్కకముందే 29, 30 పెట్టించండి. ఆయన నంబరుకు వచ్చే ఓటీపీ లేక ఆగిపోయిన బదిలీలు నేను చాలా చూశాను. ఆర్‌సీ మీ పేరున మారిందని రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో కనిపించేదాకా ధరలో కొంత సొమ్ము మీ దగ్గరే ఆపుకోండి. ఫోర్‌క్లోజర్ చార్జీలో సగం మీరు భరించినా నాకు అభ్యంతరం లేదు. బండి తీసుకున్న రోజున డెలివరీ నోటులో తేదీతో పాటు గంటా నిమిషం కూడా రాయించుకోండి. ఆ మధ్యాహ్నమే చలానా పడ్డా, ఎవరికైనా తగిలినా, ఆ సమయానికి బండి ఎవరి చేతిలో ఉందో తేల్చేది ఆ రాతే.

వేరే పార్టీ వస్తే రానివ్వండి. మెకానిక్‌ను తీసుకెళ్లనా అని కూడా అడిగారు. తీసుకెళ్లండి, కానీ ఆ క్లెయిమ్ ప్రశ్నకు జవాబు వచ్చాకే. ఏ భాగం విప్పి చూడాలో అప్పుడు మెకానిక్‌కు తెలుస్తుంది.