నాయనకు పార్కిన్సన్స్. క్లినిక్‌వాళ్లు టీఎంఎస్ ప్యాకేజీ అంటున్నారు, పొలం అమ్మొచ్చా?

అమ్మొద్దు తమ్ముడూ. నీ ప్రశ్న రెండుసార్లు చదివిన తర్వాతే ఈ మాట అంటున్నా. దేవరకొండ దగ్గర ఊరు, నాయనకు అరవై దాటినయ్, నాలుగేళ్ల నుంచి పార్కిన్సన్స్. హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌వాళ్లు "కోత లేదు, కుట్టు లేదు, అయస్కాంతంతో వణుకు నయమైతది" అని రెండు లక్షలు అడిగారు. నువ్వు అరెకరం బేరానికి పెట్టావు. మా నాయనకూ ఇదే జబ్బు. తల మీద నుంచి అయస్కాంతంతో మెదడును కదిలించే ఆ టీఎంఎస్ కూడా చేయించాం, కాకపోతే ఒక పరిశోధనలో చేరి, పైసా కట్టకుండా. నాకు తెలిసింది రాస్తా, ఆ తర్వాత నీ ఇష్టం.

మాది గట్టుప్పల. నాయన చిన్నప్పటి నుంచి ఇక్కత్ నేతకు చిటికి కట్టాడు. సైకిల్ ట్యూబు ముక్కను నూలు మీద చుట్టి, గట్టిగా లాగి ముడేసే పని అది. వేళ్ల పట్టు కొంచెం వదులైనా రంగు లోపలికి దిగి డిజైను చెడిపోతుంది. ఆ పని చేసే కుడిచేతికే ముందు వణుకు వచ్చింది. తర్వాత అడుగు చిన్నదైంది, గొంతు సన్నబడింది, అంగీ గుండీ పెట్టుకోవడానికి కూడా అమ్మ కావాల్సి వచ్చింది. అందుకే నీ తొందర నాకు అర్థమవుతుంది.

టీఎంఎస్ మోసం కాదు, అది ముందు చెప్పాలి. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం మీదే నడుస్తుంది: మారుతున్న అయస్కాంత క్షేత్రం పక్కనున్న వాహకంలో కరెంటు పుట్టిస్తుంది. ఇక్కడ ఆ వాహకం మన మెదడు. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథోనీ బార్కర్ బృందం తల మీద కాయిల్ (తీగచుట్ట) ఆనించి చేతి కండను కదిలించి చూపించింది. 1994 నాటికే పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల మీద ప్రయత్నాలు అచ్చయినయ్. ఒక భాగం మీద కాయిల్‌తో సెకనుకు ఒక అయస్కాంతపు దెబ్బ చొప్పున కొడితే ఆ భాగం చురుకు తగ్గుతుందని, ఐదు, పదిసార్లు కొడితే పెరుగుతుందని మోటుగా ఒక లెక్క ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఆ కరెంటు నెత్తి నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే బలంగా చేరుతుంది. పార్కిన్సన్స్‌లో చచ్చిపోయే కణాలు, అంటే కదలికలకు కావాల్సిన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసేవేమో మెదడు నట్టనడుమ, సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట ఉంటాయి. అక్కడికి ఈ కాయిల్ నేరుగా చేరదు. పైపొరలో చేతులను కాళ్లను ఆడించే భాగాన్ని కదిలిస్తే, దానితో ముడిపడ్డ లోపలి దారులు కూడా కొంత సర్దుకుంటాయన్నదే ఆశ. పోయిన కణాలు తిరిగి రావు. అందుకే "నయమైతది" అన్న మాట విన్నప్పుడే అనుమానించాలి.

నాయనకు ఎట్లా చేశారో చెప్తా. కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు పెట్టి, నెత్తికి బట్ట టోపీ తొడిగారు. చేతి కండకు వైర్లు అంటించారు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న కాయిల్‌ను టోపీ మీద కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కొక్క దెబ్బ ఇచ్చారు. ఒక చోటికి రాగానే బొటనవేలు దానంతటదే ఎగిరింది. నాయన నా దిక్కు చూసి, "నేను లేపుతలేను బిడ్డా, అదే లేస్తున్నది" అన్నాడు. అక్కడ పెన్నుతో గుర్తు పెట్టారు. ఆ తర్వాత బలం తగ్గించుకుంటూ పోయారు. పదిసార్లు కొడితే కనీసం ఐదుసార్లు కండలో స్పందన వచ్చే అతి తక్కువ బలమే ఆ మనిషి కొలత. అది ఒక్కొక్కరికి ఒక్కో తీరు. ఈ కొలత తీయకుండా అందరికీ ఒకే బలంతో కొట్టేచోట నీ నాయనను కూర్చోబెట్టొద్దు. చప్పుడు మాత్రం శిల్పి ఉలి మీద దెబ్బ మీద దెబ్బ వేసినట్టు టకటకమంటుంది. మొదట్లో తలనొప్పి వచ్చింది, పారాసెటమాల్‌తో తగ్గింది.

ఏమైంది అంటావా? కుర్చీలో నుంచి లేవడం, మళ్లి తిరగడం కొంచెం తేలికైంది. గుండీలు తానే పెట్టుకున్నాడు, నిదానంగానైనా. వణుకు దాదాపు అట్లనే ఉంది. కొన్ని వారాలు గడిచేసరికి వచ్చిన లాభం కూడా మెల్లమెల్లగా జారిపోయింది. గోలీలు ఒక్కటి కూడా తగ్గలేదు.

అదే ట్రయల్‌లో కల్వకుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. చప్పుడు ఒక్కటే వచ్చి, లోపలికి ఏమీ చేరని ఉత్తుత్తి కాయిల్ ఆయనకు పెట్టారని అంతా అయిపోయినంక తెలిసింది. మొదటి రోజుల్లో ఆయన నడక కూడా బాగైంది! అబద్ధమాడలేదు, భ్రమా కాదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో మందు పడుతుందన్న ఆశకే మెదడులో డోపమిన్ విడుదలవుతుందని 2001లోనే స్కానింగ్ పెట్టి నిరూపించారు. అందుకే ఈ జబ్బులో "ఫలానాయనకు తగ్గింది" అన్న వీడియో చూసి డబ్బు కట్టడం ప్రమాదం. ఉత్తుత్తి కాయిల్‌తో పోల్చి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

అట్లా పోల్చిన పరిశోధనలు ఉన్నాయి. 2016లో అచ్చయిన ఒకదాంట్లో పార్కిన్సన్స్‌తో పాటు దిగులు కూడా ఉన్న 61 మందిని తీసుకున్నారు. కదలికల భాగం మీద కొట్టినవాళ్లకు నెల తర్వాత కదలికలు ఉత్తుత్తి వాళ్లకన్నా మెరుగైనయ్, దిగులు మాత్రం తగ్గలేదు. 2020లో యూరప్ నిపుణులు అన్ని పరిశోధనలూ జల్లెడ పట్టి, రెండువైపులా కదలికల భాగం మీద వేగంగా కొట్టడం పార్కిన్సన్స్ కదలికలకు "బహుశా పనిచేస్తుంది" అనే మెట్టు మీద పెట్టారు, "కచ్చితంగా" అనే మెట్టు మీద కాదు. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ డిప్రెషన్‌కు 2008లో, ఓసీడీకి (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు) 2018లో టీఎంఎస్‌ను ఒప్పుకుంది. ఆ జాబితాలో పార్కిన్సన్స్ లేదు. క్లినిక్ గోడ మీద ఎఫ్‌డీఏ కాగితం ఉంటే అది ఏ జబ్బుకో చదువు.

ఇప్పుడు అసలు మన జిల్లాల సంగతి. మీ నాయనది పార్కిన్సన్సేనని చెప్పింది ఎవరు? న్యూరాలజిస్టేనా, అంటే నరాల డాక్టరేనా? మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, నడుము బిగిసినవాళ్లు మనకు తెలుసు. వెన్నుపూస లోపల దారి ఇరుకై కాళ్లు ఈడ్చినా చూసేవాళ్లకు ఇదే జబ్బు అనిపిస్తుంది, దానికి తల మీద కాయిల్ ఏం చేయదు. గ్యాసుకని నెలల తరబడి మింగే గోలీల్లో లెవోసల్పిరైడ్ ఉన్నా, వాంతులకు మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు సిన్నరిజిన్ ఎక్కువకాలం వాడినా అచ్చం పార్కిన్సన్స్ లాంటి బిగుతు, వణుకు రావచ్చు. ఆ మందు ఆపితే చాలామందిలో నెలల్లో తగ్గుతుంది. ఆర్ఎంపీ దగ్గర తెచ్చుకున్న గోలీల షీట్లన్నీ డాక్టరు ముందు పోయాల్సిందే.

కల్లు సంగతి కూడా దాచొద్దు. పాలమూరులోనూ ఇటూ అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు ఎంతమందిని పాడు చేసిందో మనకు తెలుసు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు పుడుతుంది, ఫిట్స్ కూడా వస్తాయి. టీఎంఎస్‌కున్న పెద్ద ప్రమాదం, అరుదే అయినా, ఫిట్సే. "ట్రీట్‌మెంట్ ఉంది గదా" అని రెండు రోజుల ముందు కల్లు బంద్ చేసి పోతే ప్రమాదాన్ని పిలుచుకున్నట్టే. మానడం కూడా డాక్టరు చూపుమీద మెల్లగానే జరగాలి.

నీ ప్రశ్న కింద ఎవరో "ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ బెటర్" అని రాశారు. అది వేరే. కోత లేదు గాని, ఎంఆర్ఐలో చూస్తూ శబ్ద తరంగాల వేడితో మెదడు లోపల చిన్న చుక్కను శాశ్వతంగా కాల్చేస్తారు. కాయిల్ ప్రభావం జారిపోతుంది, ఇది వెనక్కి రాదు. నెత్తి తెరిచి తీగ పెట్టే డీబీఎస్ ఇంకోటి. గోలీలకు బాగా స్పందిస్తూ, ప్రభావం మధ్యలో జారిపోయేవాళ్లకు దాని బలం చాలా ఎక్కువ, పరీక్షలు చేసి ఎంచుకుంటారు. ఇక ఆన్‌లైన్‌లో బ్యాటరీ పెట్టి తలకు కట్టుకుని సన్నటి కరెంటు ఎక్కించుకునే టీడీసీఎస్ పట్టీలు దొరుకుతున్నాయి. దయచేసి ఇంట్లో ఆ పని చేయొద్దు, చర్మం కాలినవాళ్లున్నారు.

మా ఇంట్లో టీఎంఎస్ కన్నా ఎక్కువ పని చేసింది గోలీల టైము. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపాను అన్నానికి అరగంట ముందు వేయమన్నారు. పప్పు, పాలు, గుడ్డుతో కలిస్తే ఆ మందు మెదడుకు చేరడంలో వెనకబడుతుంది. పొద్దున గోలీ చాయ్‌తో పాటు పాలు తాగుతూ వేసుకునే అలవాటు మార్పించాం. నేల మీద సుద్దగీతలు గీసి వాటిని దాటుతూ నడిపించాం. వీటికి రూపాయి ఖర్చు కాలేదు.

అయినా టీఎంఎస్ చేయించాలనుకుంటే పరిశోధనలోనే చేర్పించు. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ నడిపే, దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. ట్రయల్ అయితే దానికొక నంబరు ఉంటుంది, ఎథిక్స్ కమిటీ ఉంటుంది, తెలుగులో సమ్మతి పత్రం ఇస్తారు, ఎప్పుడైనా మానుకోవచ్చు. ఉత్తుత్తి కాయిల్ పడొచ్చని ముందే చెప్తారు. చికిత్సకు డబ్బు అడిగితే అది పరిశోధన కాదు, వ్యాపారం. క్లినిక్‌కు ఫోన్ చేసి మూడే అడుగు: సీటీఆర్ఐ నంబరు ఎంత, బొటనవేలి కొలత తీస్తారా, లాభం ఎన్ని వారాలు ఉంటుందని రాసిస్తారా.

న్యూరాలజిస్టు దగ్గరికి పోయేటప్పుడు ఒక వారం పాటు ఏ గోలీ ఎన్ని గంటలకు వేశారు, ఎప్పుడు బాగా నడిచాడు, ఎప్పుడు బిగిసిపోయాడు అని ఒక నోటుబుక్కులో రాసుకుని పో. గుండెలో పేస్‌మేకర్, చెవి లోపల ఆపరేషన్‌తో పెట్టిన మిషను, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు వంటివి ఉంటే, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే మొదటి పేజీలోనే రాయి.