నచ్చని పుస్తకం గురించి ఒక యువ రచయిత్రికి

రాజమహేంద్రవరం

చిరంజీవికి ఆశీస్సులు.

విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’ మీద నీవు రాసి పంపిన వ్యాసం చదివాను. పెద్దలందరూ తలకెత్తుకునే నవల నీకు నచ్చలేదని అమలాపురంలో నీ తోటి పాఠకుల ఎదుట చెప్పడానికి కొంత ధైర్యమే కావలసి ఉంటుంది. ఆ అయిష్టాన్ని దాచుకొమ్మని నేను చెప్పను. నా అభ్యంతరం వేరు. వ్యాసంలో నవ్వించే వాక్యాలు చాలా ఉన్నాయి గాని, ఏ ఘట్టం దగ్గర నీకు విసుగు పుట్టిందో, ఎందుకు పుట్టిందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. వెటకారం మన గోదావరి జిల్లాల వారికి పుట్టుకతోనే వస్తుందంటారు. అరుగు మీది కబుర్లకు అది అందమే. విమర్శలో మాత్రం కారణం ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. చదివేవాడు నవ్వుకొని కారణం అడగడం మరిచిపోతాడు, రాసినవాడూ మరిచిపోతాడు.

1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ బహుమతిని ‘వేయిపడగలు’కూ, అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’కూ కలిపి పంచింది. రెండింటినీ వెంటవెంటనే చదివితే అవి ఒకే పోటీకి వచ్చినవంటే నమ్మబుద్ధి కాదు. సుబ్బన్నపేట కోటనూ, గుడినీ, జమీనీ ఆధారం చేసుకొని ఒక జీవనవిధానం క్షీణించిపోవడాన్ని చూపుతూ, విశ్వనాథ వారు కథను మధ్యలో ఆపి చదువుల గురించీ, కళల గురించీ, వివాహధర్మం గురించీ పుటలకు పుటలు చర్చిస్తారు. రాజమహేంద్రవరం కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర శిష్యుడైన బాపిరాజు గారు చిత్రకారుడు. ఆయన కన్ను రూపం మీదా రంగు మీదా నిలుస్తుంది. నీకు కథకు అడ్డం వచ్చిన ఆ చర్చలే మరొక పాఠకుడికి అసలు నవల. పి.వి. నరసింహారావు గారు ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారు. ఇష్టం లేనివాడు అంత పెద్ద గ్రంథానికి పూనుకోడు.

నా మట్టుకు నాకు ‘నారాయణరావు’తోనే పేచీ. అందం, చదువు, దేశభక్తి, సౌజన్యం అన్నీ కుదిరిన ఆ నాయకుడు ఎక్కడైనా ఒకసారి తడబడతాడేమోనని ఎదురుచూసి అలసిపోతాను. అలాంటి మనిషిని చూడాలనే కదా ఆ నవల చదివేది అంటాడు భీమవరంలోని మిత్రుడొకడు. అతని మాట కాదనలేను, అయినా నా విసుగు తగ్గలేదు.

నీ వ్యాసంలో రెండు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయాయి. ‘వేయిపడగలు’ నాయకుడు ధర్మారావు నమ్మే వర్ణధర్మం నీకు సమ్మతం కాకపోతే, ఆ నమ్మకంతోనే సూటిగా వాదించు. దానిని ‘సాగదీత’ అని పిలవకు. నిజంగా సాగదీతే అనిపిస్తే, ఏ సంభాషణ ఎక్కడ ఆగితే సరిపోయేదో చూపించు. కథలు రాయబోయే నీకు ఈ రెండో పని ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఇతరుల వాక్యం ఎక్కడ ఆగాలో గుర్తుపట్టే కన్ను నీ వాక్యం మీద కూడా పనిచేస్తుంది.

‘అనవసరంగా ఆకాశానికెత్తారు’ అన్నావు. అది పుస్తకం మీద తీర్పు కాదు, దానిని మెచ్చినవారి మీద నింద. చదవకుండానే పొగిడేవారు ఉన్నారు, నిజమే. వారి లెక్క విశ్వనాథ వారి ఖాతాలో రాయడం న్యాయం కాదు. తిరగరాసేటప్పుడు ముందుగా ఆ పేరా కొట్టివేసి, మిగిలినది పంపించు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి