అమ్మ రెండుసార్లు పడిపోయారు... ఇక నడవనివ్వకూడదా?

ప్రశ్న: మా అమ్మ వయసు 74. ఆరు నెలల్లో రెండుసార్లు పడిపోయింది. మొదటిసారి పగలు, రెండోసారి అర్ధరాత్రి బాత్రూమ్‌కి వెళ్తూ. అదృష్టవశాత్తు ఎముకలేవీ విరగలేదు. బీపీకి, షుగర్‌కి మాత్రలు వాడుతోంది. రాత్రి ఒక నిద్రమాత్ర కూడా వేసుకుంటుంది. మళ్లీ పడుతుందేమోనన్న భయంతో తనను ఒంటరిగా మంచం దిగనివ్వడం లేదు. మేం చేస్తున్నది సరైనదేనా? ఎముకల బలానికి విటమిన్ డి ఇంజెక్షన్ వేయిస్తే మంచిదా? - ఒక పాఠకురాలు

సమాధానం: మీ భయం సహజమే. కానీ దయచేసి ఆమె నడక మాన్పించకండి. నడక మానేస్తే పడే ముప్పు తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఈ వయసులో మంచానికో కుర్చీకో పరిమితమైతే తొడ కండరాలు కొద్ది వారాల్లోనే సన్నబడిపోతాయి. ఎవరూ దగ్గర లేనప్పుడు అవసరం వచ్చి తనంతట తాను లేస్తే ఆ కాళ్లు ఒంటి బరువు మోయలేవు. పడతానేమోనన్న భయం పట్టుకున్నవారు నేలచూపులు చూస్తూ, ఒళ్లు బిగబట్టుకుని, చిన్నచిన్న అడుగులు వేస్తారు. తూలిపడేది ఎక్కువగా అలాంటి నడకలోనే. ప్రస్తుతానికి పక్కన ఒకరు తోడుగా ఉండండి, ఆమెను మాత్రం నడవనివ్వండి.

రెండోది, 'వయసైపోయింది కదా' అని సరిపెట్టుకోకండి. 65 దాటినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరు ఏడాదికి ఒక్కసారైనా పడిపోతున్న మాట నిజమే. అలాగని దానికి కారణం ఉండదని కాదు. సాధారణంగా రెండు మూడు కారణాలు కలిసే ఉంటాయి, వాటిలో చాలావరకు సరిచేయదగ్గవే. అందుకే ముందు ఆమెను నింపాదిగా అడగండి. లేవగానే కళ్లకు చీకట్లు కమ్మాయా? కాలు జారిందా, దేనికైనా తట్టుకుందా? మోకాలు పట్టు తప్పిందా? 'ఎలా పడ్డానో నాకే తెలియదు' అంటే స్పృహ తప్పి ఉండొచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించి గుండె లయ చూపించాలి.

అర్ధరాత్రి మంచం దిగి పడ్డారన్నారు కాబట్టి నాకు మొదట బీపీ మీదే అనుమానం. పడుకుని ఒక్కసారిగా లేచినప్పుడు రక్తం కాళ్లలోకి దిగుతుంది. వయసులో ఉన్నవారి రక్తనాళాలు వెంటనే బిగుసుకుని మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తాయి. పెద్దవయసులో, అందులోనూ షుగర్ ఉన్నవారిలో, ఈ సర్దుబాటు ఆలస్యమవుతుంది. డాక్టర్ దగ్గర చాలాసార్లు కూర్చోబెట్టి మాత్రమే బీపీ చూస్తారు కాబట్టి ఇది బయటపడదు. ఇంట్లో మిషన్ ఉంటే మీరే చూడొచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడండి. ఆ సమయంలో ఒకరు ఆమెను పట్టుకుని ఉండాలి. పడుకున్నప్పటి కన్నా నిలబడినప్పుడు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ తగ్గితే ఆ లెక్కలు రాసుకుని డాక్టర్‌కి చూపించండి. మాత్రల మోతాదో, వేసుకునే వేళో మార్చాల్సి రావచ్చు. బీపీ మాత్రలను మీ అంతట మీరు మాత్రం ఆపేయొద్దు. ఈలోగా ఆమెకు ఒక అలవాటు చేయించండి. మెలకువ రాగానే మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలను పైకీ కిందికీ పదిసార్లు ఆడించి, ఆ తర్వాతే దేన్నైనా పట్టుకుని లేవాలి.

ఇక నిద్రమాత్ర. పెద్దవాళ్లు పడిపోవడానికి కారణమయ్యే మందుల్లో ముందు వరుసలో ఉండేది ఇదే. అల్ప్రజోలం, క్లోనజెపం వంటివి వేసుకున్నవారు అర్ధరాత్రి లేస్తే మనిషి నడుస్తున్నా మత్తు వదలదు. ఏళ్ల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే. డాక్టర్ పర్యవేక్షణలో మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలి. జలుబుకి, దురదకి వేసుకునే కొన్ని పాత రకం మాత్రలు కూడా మత్తునిస్తాయి. షుగర్ మందుల వల్ల రాత్రివేళ షుగర్ బాగా పడిపోతోందేమో చూడండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ అనే మాత్ర ఏళ్లుగా వాడుతుంటే, అరికాళ్లలో తిమ్మిర్లు ఉంటే, విటమిన్ బి12 తగ్గిందేమో పరీక్ష చేయించండి. పాదానికి నేల సరిగ్గా తెలియకపోతే చీకట్లో అడుగు తడబడుతుంది. ఇంట్లో ఉన్న మందులన్నీ, అడపాదడపా వేసుకునేవి కూడా, ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

విటమిన్ డి సంగతి. రక్తపరీక్షలో లోపం కనిపిస్తే డాక్టర్ చెప్పిన మోతాదులో తప్పక వాడాలి. పడకుండా ఉండటానికని భారీ మోతాదు ఒకేసారి ఇవ్వడం మంచిది కాదు. 70 దాటిన మహిళలకు ఏడాదికోసారి 5,00,000 యూనిట్లు ఇచ్చి చూసిన అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. ఆ డోసు తీసుకున్నవారే ఎక్కువగా పడ్డారు, ఎముకలు విరగడం కూడా వారిలోనే ఎక్కువ. ఎముకల బలం తెలుసుకోవాలంటే డెక్సా స్కాన్ చేయించండి. ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారడం) ఉంటే దానికి వేరే మందులున్నాయి.

పడకుండా కాపాడటంలో గట్టి రుజువున్నది వ్యాయామానికే. కాళ్ల బలం, బ్యాలెన్స్ పెంచే వ్యాయామాలతో పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. ఒట్టి నడక దీనికి చాలదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, వీలైతే చేతులు ఆనించకుండా, లేచి నిలబడి మళ్లీ మెల్లగా కూర్చోమనండి. ఐదుసార్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి పది సెకన్లు నిలబడటం కూడా చేయించండి. ఇప్పటికే రెండుసార్లు పడ్డారు కాబట్టి మొదట్లో ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్పించడం మేలు. చేతికర్ర కావాలా వద్దా, ఎంత ఎత్తుది కావాలి అన్నదీ వాళ్లే చూసి చెబుతారు.

ఇంట్లో మంచం నుంచి బాత్రూమ్ దాకా ఒకసారి రాత్రిపూట మీరే నడిచి చూడండి. చీకట్లో గోడ తడుముతూ స్విచ్ వెతుక్కోవాల్సి వస్తోందంటే అక్కడ రాత్రంతా వెలిగే చిన్న లైటు పెట్టండి. బాత్రూమ్‌లో తూలినప్పుడు చేతికి మొదట దొరికేది తువ్వాలు వేసే రాడ్డు. అది మనిషి బరువుకి స్క్రూలతో సహా ఊడి వచ్చేస్తుంది. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడలోకి గట్టిగా బిగించిన గ్రాబ్ బార్లు (చేత్తో పట్టుకునే కడ్డీలు) పెట్టించండి. జారే పట్టలు, మడమ పట్టీ లేని వదులు చెప్పులు తీసేయండి. కళ్లలో శుక్లాలు ఉంటే ఆపరేషన్ వాయిదా వేయొద్దు.

మళ్లీ పడితే కంగారుపడి రెక్క పట్టి లాగేయకండి. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉన్నా కదిలించకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. అలాంటివేవీ లేకపోతే పక్కకు ఒత్తిగిల్లి, మోకాళ్ల మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని తనంతట తానే లేచేలా సాయం చేయండి. తలకు దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబరిచే మందులు వాడేవారైతే, పైకి బాగానే ఉన్నా అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. ఆ తర్వాత కొన్ని వారాల దాకా గమనిస్తూ ఉండండి. తలనొప్పి పెరుగుతున్నా, మగతగా ఉంటున్నా, మాట తడబడుతున్నా, ఒకవైపు చేయి కాలు బలహీనపడినా మెదడు చుట్టూ నెమ్మదిగా రక్తం చేరుతూ ఉండొచ్చు. వెంటనే స్కాన్ తీయించాలి.