సౌర తుఫాను వార్త వస్తే అంకె కంటే ముందు అక్షరం చూడండి

సౌర తుఫాను హెచ్చరికల్లో ఆర్3, జీ4 అంటుంటారు, అవి మామూలు జనం ఎలా చదవాలి, ఆ రాత్రి ఫోన్ ఆపేయాలా అని అడిగారు. ఫోన్ ఆపక్కర్లేదు. మిగతాది చెప్పాలంటే నా పరువు పోయిన ఒక మధ్యాహ్నం సంగతి చెప్పాలి.

నాకు హ్యామ్ రేడియో పిచ్చి, అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్ పెట్టుకుని దూరాల వాళ్లతో మాట్లాడటం. ఆ రోజు 20 మీటర్ల షార్ట్‌వేవ్ బ్యాండ్‌లో చాలా దూరపు స్టేషన్ ఒకటి తగిలింది. కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) సగం రాసుకున్నానో లేదో, అవతలి గొంతు బావిలో పడ్డట్టు మునిగిపోయింది. డయల్ అటూ ఇటూ తిప్పాను. ఒక్కరూ లేరు. ఎప్పుడూ ఉండే గరగర కూడా పల్చబడిపోయింది. కేబుల్ కనెక్టర్ పోయిందని తేల్చేశాను, అంతకుముందు ఓసారి అదే ఏడిపించింది కాబట్టి. మండుటెండలో మేడెక్కి, పాతది కోసేసి, కొత్తది సోల్డర్ చేశాను. నిచ్చెన పట్టుకున్న మా తమ్ముడు “అన్నయ్యా, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ బాగానే చూపిస్తోంది కదా” అన్నాడు. కేబుల్, యాంటెన్నా సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పే మీటర్ అది. “అయితే మీటరే పోయుంటుంది” అన్నాను. గంట తర్వాత దిగి వినేసరికి గొంతులు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. “చూశావా, కనెక్టరే!” అని మీసం మెలేశాను.

సాయంత్రం, సూర్యుడి ఎక్స్ కిరణాలను కొలిచే గోస్ ఉపగ్రహం గ్రాఫ్ తెరిచాను. సరిగ్గా ఆ గొంతు మునిగిన వేళకే గీత నిట్టనిలువుగా లేచి, అన్నిటికన్నా పెద్ద జ్వాలలుండే ఎక్స్ తరగతిలోకి పోయింది. నేను మేడ మీద చెమటలు కక్కుతుంటే అది తాపీగా దిగింది. ఇప్పుడు ఇంట్లో ఫ్యాన్ ఆగినా మా వాడు “సూర్యుడేమో చూడు అన్నయ్యా” అంటాడు.

ఆర్3 అంటే అదే. ఆర్ రేడియోకి, పక్కన అంకె తీవ్రతకి, 1 నుంచి 5 దాకా. సూర్యుడి మీద జ్వాల లేస్తే దాని ఎక్స్ కిరణాలు 8 నిమిషాల్లో ఇక్కడుంటాయి. పగలున్న వైపు అయనోస్ఫియర్ (రేడియో తరంగాలను తిప్పి పంపే పైవాతావరణం) అడుగు పొర చిక్కబడి షార్ట్‌వేవ్‌ని మింగేస్తుంది. జ్వాల కనపడటమూ దెబ్బ తగలటమూ ఒకేసారి కాబట్టి దీనికి ముందస్తు హెచ్చరిక అన్నమాటే లేదు. ‘రేపు ఇన్ని పాళ్లు అవకాశం’ అంటారు, అంతవరకే. ఎస్ అంటే ప్రోటాన్ల రేడియేషన్, అది వ్యోమగాములకీ ధ్రువాల మీదుగా వెళ్లే విమానాలకీ తలనొప్పి. నేల మీదున్న మనం వదిలేయొచ్చు.

వార్తల్లో గోల చేసేది మాత్రం జీ, భూ అయస్కాంత తుఫాను. సూర్యుడు విసిరిన ప్లాస్మా మబ్బు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో వస్తుంది. వస్తుందని చెప్పగలరు, కానీ ఎంత గట్టిగా కొడుతుందో దాని లోపలి అయస్కాంత క్షేత్రం దిశను బట్టి ఉంటుంది. దక్షిణానికి తిరిగి ఉంటే భూమి క్షేత్రంతో ముడిపడి శక్తి లోపలికి దూరుతుంది. ఉత్తరానికి తిరిగి ఉంటే చాలాసార్లు తుస్సుమంటుంది. ఆ దిశ తెలిసేది మబ్బు, భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల అవతల ఎల్1 అనే చోట ఉన్న ఉపగ్రహాలను తాకినప్పుడే. 2024 జనవరి నుంచి మన ఆదిత్య-ఎల్1 కూడా అక్కడే తిరుగుతోంది. అప్పటికి మనకు మిగిలేది పావుగంట నుంచి గంట. రెండు రోజుల ముందే ‘ప్రళయం’ అని గ్రాఫిక్స్‌లో భూగోళాన్ని కాల్చే చానళ్లను నేను అందుకే చూడను.

2024 మే 10నే తీసుకోండి. ముందు జీ4 అన్నారు, వచ్చింది జీ5, 2003 తర్వాత మళ్లీ అప్పుడే. ఫ్లోరిడా దాకా ధ్రువకాంతి కనిపించింది. విత్తనాలు వేస్తున్న అమెరికా రైతులు కొందరు జీపీఎస్ తప్పుతోందని ట్రాక్టర్లు ఆపుకున్నారు. ‘కాస్మిక్ కిరణాలు వస్తున్నాయి, ఫోన్ దూరంగా పెట్టుకోండి’ అని ఫార్వర్డ్ చేసిన మహానుభావులకు ఆ రాత్రి కూడా ఏమీ కాలేదు, తెల్లారి మళ్లీ ఫార్వర్డ్ చేశారు. అలాగని చిన్న అంకెను తేలిగ్గా తీసుకోనూ కూడదు. 2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు తుఫానుకే పైవాతావరణం ఉబ్బి, అప్పుడే ఎగరేసిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 రాలిపోయాయి. ఎవరి కొంప మునుగుతుందన్నది అంకెలో ఉండదు.

ఇంకో గోడు. ఈ హెచ్చరికల పట్టికల్లో టైమంతా యూటీసీ, అంటే మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలతపడిందో చెప్పే కేపీ సూచీని మూడేసి గంటల గడుల్లో ఇస్తారు, 5కి చేరితే జీ1, 9 అయితే జీ5. ఒకసారి ‘18-21’ గడిలో 7 చూసి సాయంత్రం ఆరింటికే సెట్ ముందు కూర్చున్నాను. తొమ్మిదిన్నర దాకా చూసి, ఉత్తదేనని తిట్టుకుని పడుకున్నాను. అసలు తుఫాను నేను గుర్రుపెట్టాక వచ్చింది.