నడుము కింద స్పర్శ లేదు.. ఇంట్లో ఒక్కడినే ఉంటూ కొట్టు నడపగలనా?

ప్రశ్న: నా వయసు 32. గీత కార్మికుడిని. 14 నెలల క్రితం మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాను. డి10 దగ్గర వెన్నుపూస విరిగిందని రాడ్లు వేశారు. నడుము కింద కదలిక, స్పర్శ లేవు. మూత్రానికి పైపు ఉంది, నెలకోసారి మార్పిస్తున్నాం. ఒకసారి పిరుదు మీద పుండు పడి రెండు నెలలు బోర్లా పడుకోవాల్సి వచ్చింది. నా భార్య కూలికి పోతే సాయంత్రం దాకా ఒక్కడినే ఉండాలి. ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టుకోవాలని ఉంది. సాధ్యమేనా? మళ్లీ నడుస్తానా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: కొట్టు నడపగలరు. డి10 అంటే ఛాతీ వెనక ఉండే పదో వెన్నుపూస. అక్కడ దెబ్బ తగిలినవారికి చేతులు, భుజాలు, ఛాతీ కండరాలు పూర్తిగా స్వాధీనంలోనే ఉంటాయి. పొట్ట కండరాల్లో పై భాగం పనిచేస్తుంది. మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కమోడ్ మీదికి ఎవరి సాయం లేకుండా మారడానికి ఈ బలం చాలు. ఇక నడక. 14 నెలలు దాటాక కూడా మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు రెండూ లేకపోతే కాళ్లకు పనికొచ్చే బలం తిరిగి రావడం చాలా అరుదు. కాళ్లకు బిగించే బరువైన క్యాలిపర్లు, చంకకర్రలతో నాలుగడుగులు వేయించవచ్చు. కానీ దానికి పట్టే శ్రమ చూసి చాలామంది చివరికి కుర్చీకే వస్తారు. కాబట్టి ‘నడక వచ్చాక చూద్దాం’ అని ఏ పనీ ఆపకండి. వేలూరు ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. అక్కడి సర్జన్ డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో రెండు కాళ్లూ పడిపోయాయి. ఆ తర్వాత ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు.

మీరు ముందు మార్చుకోవాల్సింది మూత్రం పైపు. ఎప్పుడూ లోపలే ఉండే పైపు వల్ల ఇన్ఫెక్షన్లు, మూత్రాశయంలో రాళ్లు, మూత్రనాళంలో పుండ్లు వస్తాయి. మీ చేతులు బాగున్నాయి కాబట్టి మీకు తగిన పద్ధతి నాలుగు గంటలకోసారి సన్నని పైపు వేసుకుని, మూత్రం ఖాళీ చేసి, వెంటనే తీసేయడం. ఆపరేషన్ థియేటర్ స్థాయి శుభ్రత లేకున్నా చేతులు, పైపు శుభ్రంగా ఉంటే సరిపోతుందని 1972లో జాక్ లాపిడెస్ అనే అమెరికా యూరాలజిస్టు చూపించారు. అప్పటి నుంచి ప్రపంచమంతా ఈ పద్ధతినే వాడుతోంది. ముందుగా కిడ్నీల స్కానింగ్ చేయించుకోండి. తర్వాత యూరాలజీ లేదా ఫిజికల్ మెడిసిన్ (పునరావాస వైద్యం) విభాగంలో రెండు మూడు రోజులుండి నర్సు ఎదుట నేర్చుకోండి. మీ అంతట మీరే ఇంట్లో పాత పైపు పీకేయవద్దు.

పద్ధతి ఇదీ. మగవారికి 12 లేదా 14 నంబరు, 40 సెంటీమీటర్ల నెలటాన్ రకం సాదా పైపు సరిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ముందోలు వెనక్కి లాగి శిశ్నాన్నీ కడగాలి. పైపుకు జెల్లీ ధారాళంగా పూయాలి. శిశ్నాన్ని పొట్ట వైపు పైకెత్తి పట్టుకుని పైపును నెమ్మదిగా తోయాలి. సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు వెళ్లాక మూత్రం వస్తుంది. వచ్చాక ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి జరపాలి. ధార ఆగాక కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూ, మళ్లీ కారితే అక్కడే ఆగాలి. చివర్లో ముందోలును తప్పక ముందుకు లాగాలి. మరిచిపోతే అది బిగుసుకుని వాస్తుంది, స్పర్శ లేదు కాబట్టి మీకు తెలియదు. మధ్యలో పైపు అడ్డుకున్నట్టుంటే అది బిగుసుకున్న కండరం. అలాగే పట్టుకుని, నిదానంగా ఊపిరి వదులుతూ అది వదులయ్యేదాకా ఆగండి. బలంగా తోస్తే నాళం చిరిగి రక్తం వస్తుంది, తర్వాత పైపు ఎప్పుడూ ఆ చిరుగులోకే పోతుంది.

ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రోజుకు ఐదుసార్లు. గుర్తులున్న మగ్గులో కొలిచి మొదటి రెండు వారాలు నోటుబుక్కులో రాయండి. ఒకసారికి 400 మిల్లీలీటర్ల లోపు రావాలి. 500 దాటుతుంటే వేళలు దగ్గర చేయాలి, లేదా నీళ్లు ఒకేసారి గటగటా తాగకుండా గంటకో గ్లాసుకు పరిమితం కావాలి. రోజుకు మొత్తం రెండు లీటర్లు, రాత్రి 8 తర్వాత గుక్కెడు మాత్రమే. కల్లు తాగిన రోజు రెండు గంటలకే నిండిపోతుంది, ఆ లెక్క మీరే చూసుకోవాలి. పొత్తికడుపు నొక్కి మూత్రం పోయించడం మీకు కొందరు చెప్పే ఉంటారు. అది చేయకండి, మూత్రం కిడ్నీల్లోకి ఎగదన్నుతుంది. పైపు వేసుకునే వేళల మధ్య బట్టలు తడుస్తుంటే మూత్రాశయం తనంతట తాను ముడుచుకుంటోందని అర్థం. దానికి మాత్రలున్నాయి. నోరెండడం, మలబద్ధకం వాటి ఇబ్బందులు.

ప్రతిసారీ కొత్త పైపు వాడటం ఉత్తమం. కొనే స్తోమత లేకపోతే వాడిన వెంటనే సబ్బునీళ్లతో లోపలా బయటా కడిగి, నీళ్లు విదిలించి, పూర్తిగా ఆరబెట్టి, శుభ్రమైన మూత డబ్బాలో పెట్టుకుని కొన్నిసార్లు వాడుకునేవారున్నారు. గట్టిపడినా, గీతలు పడినా పారేయాలి. ఇంకో మాట. మూత్రం కాస్త మసకగా ఉందనో, పరీక్షలో ‘చీము కణాలు’ కనిపించాయనో యాంటిబయాటిక్ మింగకండి. పైపు వాడేవారిలో చాలామందికి అవి ఉంటాయి. జ్వరం, చలి, కాళ్లలో బిగుతు హఠాత్తుగా పెరగడం, కొత్తగా లీకవడం – ఇవి ఉంటేనే ఇన్ఫెక్షన్ అనుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఏడాదికోసారి కిడ్నీల స్కానింగ్ మానొద్దు. కాళ్ల కండరాలు తగ్గాయి కాబట్టి మీకు క్రియాటినిన్ ఒక్కటే చూస్తే కిడ్నీ దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది.

రెండోది చర్మం. పాత పుండు మానినచోట చర్మం ఎప్పటికీ మునుపటంత గట్టిగా ఉండదు. ఎముక మీద పడిన బరువు రక్తనాళాలను మూసేస్తుంది, ఒంట్లో స్పర్శ ఉంటే మనం తెలియకుండానే కదులుతుంటాం, మీరు మాత్రం గడియారం చూసి కదలాలి. ఫోన్లో అరగంటకోసారి అలారం పెట్టుకోండి. మోగగానే ఛాతీ తొడలకు ఆనేలా ముందుకు వంగి రెండు నిమిషాలు ఉండండి. చాలామంది చేతుల మీద లేచి ఐదు సెకన్లలో కూర్చుంటారు. నొక్కుకుపోయిన కండకు రక్తం తిరిగి అందడానికి ఆ సమయం చాలదు, పైగా భుజాలు అరుగుతాయి.

ఉదయం, రాత్రి అద్దం పెట్టి పిరుదులు, త్రికాస్థి (నడుము కింద, పిరుదుల మధ్య ఎముక), తుంటి పక్కలు, మడమలు చూసుకోండి. ఎర్రగా లేదా నల్లగా కమిలిన మచ్చ అరగంటైనా పోకపోతే, అది పోయేదాకా దాని మీద కూర్చోవద్దు. ఆ ఒకటి రెండు రోజులు కొట్టు మూస్తే పోయేది కొద్దిపాటి బేరం. మూయకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. మధ్యలో రంధ్రమున్న గాలి ట్యూబు మీద కూర్చోకండి, చుట్టూ నొక్కి రక్తాన్ని ఆపేస్తుంది. గట్టి ఫోమ్ నాలుగు అంగుళాలది, లేదా గాలి గదుల మెత్త కావాలి. గాలిది అయితే కూర్చున్నాక పిరుదు ఎముక కింద చెయ్యి పెట్టి చూడండి. కింద అర అంగుళం నుంచి అంగుళం దాకా గాలి మిగలాలి. వెనక జేబులో తాళంచెవులు, ఫోను, లావు కుట్లున్న జీన్స్ వద్దు. వేడి టీ గ్లాసు తొడల మధ్య పెట్టుకోవడం, ఎండలో మండిన బండ మీద కాళ్లు ఆనించడం, స్నానం నీళ్లను మోచేత్తో చూడకుండా పోసుకోవడం – స్పర్శ లేనివారికి కాలిన గాయాలు ఎక్కువగా ఇలాగే అవుతాయి.

మలవిసర్జనకు ఒకే వేళ పెట్టుకోండి. తిన్న 20–30 నిమిషాలకు పేగు సహజంగా కదులుతుంది. గ్లౌజు వేసుకుని, జెల్లీ పూసి, బిసాకోడిల్ 10 మిల్లీగ్రాముల గుళికను మలద్వారంలో, మలంలోకి కాకుండా పేగు గోడకు ఆనేలా పెట్టాలి. మలంలోకి గుచ్చితే మందు పనిచేయదు. 15–20 నిమిషాల తర్వాత వేలితో నెమ్మదిగా గుండ్రంగా 20 సెకన్లు తిప్పాలి. అవసరమైతే ఐదు పది నిమిషాలకోసారి మళ్లీ. కమోడ్ సీటు మెత్తనిది ఉండాలి. నాలుగు రోజులుగా సరిగ్గా కాకుండా ఉన్నట్టుండి నీళ్లలా కారితే విరేచనాలు ఆపే మాత్ర వేసుకోకండి. అది గట్టిపడిన మలం పక్కనుంచి కారే నీరు కావచ్చు.

ఆసుపత్రి కుర్చీ కొట్టుకు పనికిరాదు. అది ఎవరో ఒకరు తోయడానికి చేసింది. 18 అంగుళాల సీటులో సన్నటి మనిషి పక్కకు ఒరిగి కూర్చుంటాడు, బరువంతా ఒకే పిరుదు మీద పడుతుంది. సీటు వెడల్పు మీ తుంటి కన్నా అంగుళం మించకూడదు. మోకాలి వెనక రెండు వేళ్ల సందు ఉండాలి. ఫుట్‌రెస్టు నేలకు రెండు అంగుళాల పైన. చెయ్యి చక్రం రింగు పైభాగాన పెడితే మోచెయ్యి 100–120 డిగ్రీల్లో వంగాలి. ఇరుసు మరీ వెనక ఉంటే ప్రతి తోపుకూ భుజం గుంజుతుంది. చేతులు ఆనించే పక్కలు ఊడదీసే రకమే కొనండి. మంచం ఎక్కాలంటే కుర్చీని 30–45 డిగ్రీల వాటంగా పెట్టి, బ్రేకులు వేసి, పక్కది తీసి, పాదాలు నేల మీద ఆనించి, తలను మంచానికి వ్యతిరేక దిశలో వంచి నడుమును మంచం వైపు తిప్పాలి. తల ఎటు పోతే నడుము దానికి ఎదురు పోతుంది, కిటుకంతా ఇదే. మొదట్లో నున్నగా చెక్కిన రెండున్నర అడుగుల పలక మీద జారండి. పిరుదును ఈడ్చితే చర్మం ఒరుసుకుపోతుంది. కదలిక లేక మీ కాళ్ల ఎముకలు పెళుసుబారి ఉంటాయి. నొప్పి తెలియకపోయినా ఒక కాలు ఉన్నట్టుండి వాచి వేడెక్కితే అదే రోజు ఎక్స్‌రే, రక్తం గడ్డ కట్టిందేమో చూసే స్కాన్ చేయించాలి.

మీ గుమ్మానికి ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే ర్యాంపు 18 అడుగులు కావాలి. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క. చోటు చాలదని సగానికి కుదిస్తే ఎక్కలేరు, దిగేటప్పుడు కుర్చీ తిరగబడుతుంది. మలుపు పెట్టి రెండు ముక్కలుగా కట్టించండి. వెడల్పు మూడడుగులు, అంచున రెండు అంగుళాల కట్ట ఉండాలి. తలుపుకు కనీసం 32 అంగుళాల ఖాళీ. గడప తీయించండి, అది పూజకు ఉండాల్సిందేనని ఇంట్లోవాళ్లు పట్టుబడితే రెండువైపులా వాలుగా సిమెంటు పోయించండి. కమోడ్ ఎత్తు కుర్చీ సీటుతో సమానంగా ఉండాలి.

మీ వైకల్యం 40 శాతం దాటి ఉంటుంది కనుక యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. పింఛనుకు, కేంద్రం ఏడిప్ పథకంలో కుర్చీ లాంటి ఉపకరణాలకు అదే ఆధారం. సరుకు తేవడానికి పక్క చక్రాలు బిగించిన స్కూటర్ కొంటే వెనక ఆనుకునే పట్టీ, నడుము బెల్టు పెట్టించండి. డి10 దెబ్బ తగిలినవారికి రోడ్డు మలుపుల దగ్గర నడుము నిలవదు. కాలు సైలెన్సర్‌కు తగలకుండా రేకు అడ్డం వేయించండి.

కొట్టు కౌంటరు కింద మోకాళ్లు దూరేందుకు 28 అంగుళాల ఖాళీ వదిలి, పైన పలక 30–31 అంగుళాల ఎత్తులో పెట్టించండి. ఎక్కువ అమ్ముడయ్యేవి ఒకటిన్నర అడుగు నుంచి నాలుగడుగుల మధ్య అరల్లో ఉండాలి. తల పైకి చేతులెత్తి దింపే పని రోజంతా చేస్తే భుజం కండరం చిరుగుతుంది. ఇకపై మీకు కాళ్లూ ఆ భుజాలే. బియ్యం బస్తా ఎవరితోనైనా దింపించుకుని కిలో, రెండు కిలోల పొట్లాలు కట్టి పెట్టుకోండి. మధ్యాహ్నం 2 గంటలకు పైపు వేసుకున్నాక తలుపు దగ్గరకేసి అరగంట బోర్లా పడుకోండి. పిరుదులకు విశ్రాంతి దొరుకుతుంది, తుంటి కీళ్లు వంకర్లు పోకుండా సాగుతాయి. ఊళ్లో ఆ వేళకు గిరాకీ ఎలాగూ ఉండదు.